ఐదుకి ఆరు

ఫిలిప్పీన్స్ రాజధాని మనీలా అనగానే నాకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది మల్లెపూల వాసన. 2013 జూన్ ఆఖరి వారం. పలాసలో రైలెక్కి విశాఖపట్నం, అక్కణ్ణించి హైదరాబాద్, ఆఫీసులో ఒక పూట కాగితాల పని, ఆ రాత్రికే సింగపూర్ విమానం, అక్కడ ఏడు గంటలు బెంచీ మీద, మళ్ళీ ఇంకో విమానం. మనీలా ఎయిర్‌పోర్టులోంచి బయటికొచ్చేసరికి ఇల్లు వదిలి రెండు రోజులైంది. పాదాలు వాచి బూట్లు పట్టేశాయి. టాక్సీ డ్రైవర్ ఏం అడిగినా తలూపడమే తప్ప నోరు విప్పే ఓపిక లేదు.

ఒక సిగ్నల్ దగ్గర టాక్సీ ఆగింది. అద్దం మీద చిన్న చెయ్యి పడింది. ఎనిమిదేళ్ళుంటాయేమో ఆ పిల్లకి. అర్ధరాత్రి దాటింది, సన్నగా వాన పడుతోంది, మోచేతి దాకా తెల్లటి పూలదండలు వేసుకుని నిలబడింది. నేను వద్దన్నట్టు చెయ్యి ఊపి కళ్ళు మూసుకున్నాను. ఎవరి ముఖం చూసే ఓపికా లేదప్పుడు.

డ్రైవర్ అద్దం దించి ఒక దండ కొన్నాడు. ముందు అద్దానికి వేలాడుతున్న పాత దండ వాడి మట్టిరంగుకి వచ్చేసింది. దాన్ని తీసి కొత్తది తగిలించాడు. కారంతా ఒక్కసారి వాసన. కళ్ళు తెరిచాను. అది మా ఇంటి వాసన. మొగ్గల్ని ఒకదాని వెనక ఒకటి దారానికి గుచ్చారు, చివర పసుపుపచ్చ రేకుల పువ్వు ఒకటి. డ్రైవర్ వేలితో చూపించి "సంపగీటా" అన్నాడు. పేరు వింటే సంపంగి అనిపిస్తుంది గాని అది మన బొండుమల్లే. 1934 నుంచి ఆ దేశానికి జాతీయ పుష్పం. వెనక్కి తిరిగి చూస్తే ఆ పిల్ల అప్పటికే ఇంకో కారు దగ్గర ఉంది.

నేను వెళ్ళింది మూడు నెలల పని మీద. హైదరాబాద్‌లో మేం చేస్తున్న ఒక ప్రాసెస్‌ని మనీలా టీమ్‌కి అప్పగించాలి, వాళ్ళకి నేర్పించాలి. నేర్పడం అయిపోతే ఇక్కడ మావాళ్ళలో కొందరికి పని ఉండదని అందరికీ తెలుసు. ఆ సంగతి వేరే రాయాలి.

మొదటి పది రోజులు మకాటీలో హోటల్. అక్కడ అయాలా అవెన్యూ మీద నడుస్తుంటే ఏ దేశంలో ఉన్నామో చెప్పలేం. అద్దాల మేడలు, మాల్‌లోంచి మాల్‌లోకి ఎండా వానా తగలకుండా వంతెనలు. ప్రతి గుమ్మం దగ్గరా ఒక గార్డు, చేతిలో చిన్న కర్ర. మనం సంచి తెరిస్తే ఆ కర్రతో లోపల కదిపి చూసి పంపిస్తాడు. ఆ కర్ర పెట్టే తీరు కూడా మనిషిని బట్టి మారుతుంది. నా ల్యాప్‌టాప్ సంచిలో ఊరికే ముట్టించి తీసేవాడు. నా వెనక రబ్బరు చెప్పులతో వచ్చినావిడ సంచిలో అడుగు దాకా పెట్టి తిప్పడం చూశాను.

అక్కడ 'విలేజ్' అనే మాట నన్ను చాలా రోజులు తికమక పెట్టింది. టీమ్‌లో ఎవరో, మా పెద్ద బాస్ ఫలానా విలేజ్‌లో ఉంటాడు అన్నారు. పాపం, ఎంత దూరం నుంచి వస్తాడో అనుకున్నాను. మనీలాలో విలేజ్ అంటే చుట్టూ ఎత్తయిన గోడ, గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న కాపలా, లోపల పెద్దపెద్ద బంగళాలు. ఫోర్బ్స్ పార్క్, దాస్మరినాస్ విలేజ్ అలాంటివే. ఎడ్సా అనే మహా రద్దీ రోడ్డు ఆ గోడల పక్క నుంచే పోతుంది. గోడకి ఇవతల బస్సుల పొగలో వేలమంది నిలబడి ఉంటారు, అవతల చెట్ల తలలు మాత్రం కనిపిస్తాయి. పల్లెలో పుట్టినవాణ్ణి కాబట్టి ఆ మాట అలా వాడటం నాకు చివరిదాకా మింగుడుపడలేదు.

పది రోజుల తర్వాత ఖర్చు ఎక్కువవుతోందని ఆఫీసువాళ్ళు నన్ను కుబావోలో ఒక అపార్ట్‌మెంట్‌కి మార్చారు. అక్కణ్ణించి మొదలైంది అసలు ప్రయాణం. ఎడ్సా మీదుగా ఎమ్మార్టీ రైలు నడుస్తుంది, పదమూడు స్టేషన్లు, దాదాపు పదిహేడు కిలోమీటర్లు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా అప్పట్లో టికెట్ 15 పెసోలే, పెసో అంటే దాదాపు రూపాయిన్నర లోపు. అంత చవగ్గా దొరికే రైలుకి ఎంత జనం ఉంటారో చెప్పక్కర్లేదు. పొద్దున ఆరున్నరకి వెళ్ళినా క్యూ స్టేషన్ మెట్లు దిగి రోడ్డు మీద దాకా ఉండేది. మొదటి పెట్టెలో కొంత ఆడవాళ్ళకీ ముసలివాళ్ళకీ. మిగతా పెట్టెల్లో మన చెయ్యి ఎక్కడుందో మనకి తెలీదు. నిలబడి నిద్రపోయేవాళ్ళని అక్కడే చూశాను. పడిపోవడానికి చోటుండదు గదా, అందుకని హాయిగా పడుకునేవాళ్ళు.

సాయంత్రం మళ్ళీ అదే. రోజుకి మూడు గంటలు, వాన పడితే నాలుగు. ఆదివారం మంచం దిగబుద్ధి కాని అలసట. కళ్ళు మండేవి, తిండి సహించేది కాదు. మాంసం తినని నాకు అన్నంలోకి ఏం దొరుకుతుందో వెతుక్కోవడం ఇంకో పని. పొద్దున్నే వీధిలో "తహో..." అని సాగదీసి కేకేస్తూ ఒకాయన వచ్చేవాడు. భుజం మీద కావడి, అటూ ఇటూ రెండు అల్యూమినియం బకెట్లు. ఒకదాంట్లో వేడివేడి సోయా జున్ను, రెండోదాంట్లో బెల్లం పాకం, సగ్గుబియ్యం. గ్లాసులో వేసి ఇస్తాడు. చాలా రోజులు నా టిఫిన్ అదే. కావడి మోసే మనిషిని మా ఊళ్ళో చూసి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది.

వాళ్ళ భాషలో రెండు మూడు మాటలు నాకు ఊరట. మగవాళ్ళని 'కుయా' అంటారు, అంటే అన్నయ్య. ఆడవాళ్ళని 'ఆతే', అక్క. రిక్షా తొక్కేవాణ్ణయినా కొట్లో అమ్మాయినయినా అలాగే పిలుస్తారు. గౌరవం కోసం మాట చివర 'పో' అని చేరుస్తారు. మనకి 'పో' అంటే వెళ్ళగొట్టడం, వాళ్ళకి అదే 'అండి'. జీప్నీ అంటే పొడవాటి జీపులాంటి షేర్ బండి. దాంట్లో డ్రైవర్ దాకా చెయ్యి అందదు గనక, అప్పట్లో ఛార్జీ ఎనిమిది పెసోలు, పక్కవాళ్ళకిచ్చి "బయాద్ పో", డబ్బులండి, అంటాం. ఆ నాణేలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్ళి, చిల్లర అదే దారిలో తిరిగొస్తుంది. ఒక్కసారి కూడా తక్కువ రాలేదు. దిగాలంటే "పరా పో", ఆపండి. మొదట్లో ఆ 'పో' అనడానికి నోరు రాలేదు, నెల తిరిగేసరికి అలవాటైపోయింది.

ఇంకొకటి కూడా అలవాటైంది, అది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కుబావో స్టేషన్ వంతెన కింద ఒక కుటుంబం ఉండేది. అట్టపెట్టెలు పరుచుకుని తల్లి, ఇద్దరు పిల్లలు. మొదటి వారం వాళ్ళని దాటినప్పుడల్లా అడుగు తడబడేది, ఏదో ఒకటి కొనిపెట్టేవాణ్ణి. ఐదో వారానికి, ఆ చిన్నవాడి కాలు దారికి అడ్డంగా ఉంటే దాటుకుని పోయాను. మెట్లెక్కి టికెట్ కొన్న తర్వాత గాని దాటింది మనిషి కాలని తట్టలేదు. నేనేమీ మారిపోలేదు, అలసిపోయానంతే. అలసిపోయినవాడికి తన ఒళ్ళు తప్ప ఏదీ కనపడదని అక్కడే తెలిసింది.

మా టీమ్‌లో ఒకమ్మాయి చెప్పింది, అంతకు ముందు ఏడాది, 2012 మే నెలలో, ఆసియా అభివృద్ధి బ్యాంకు సదస్సు జరిగినప్పుడు ఎయిర్‌పోర్టు దారిలో ఒక మురికివాడ కనపడకుండా తాత్కాలికంగా గోడ కట్టారట. ఆ బ్యాంకు ప్రధాన కార్యాలయం మనీలాలోనే, ఒర్తిగాస్ దగ్గర. నేను రోజూ ఆ స్టేషన్ మీదుగానే పోయేవాణ్ణి. 2017 నవంబర్‌లో హైదరాబాద్‌లో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు ముందు రోడ్ల మీది బిచ్చగాళ్ళని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణల్లోకి తరలించారని పేపర్లో చదివినప్పుడు నాకు ఆ గోడే కళ్ళముందుకొచ్చింది. నేను మాత్రం ఏ గోడా కట్టకుండానే కళ్ళు మూసుకున్నాను.

ఆఫీసు పక్క గుమ్మం దగ్గర ఒక గార్డు ఉండేవాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా డ్యూటీ, పన్నెండు గంటలూ నిలబడే. ఒకరోజు రైలు మధ్యలో ఆగిపోయి, దిగి నడిచి, తడిసి వచ్చాను. గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని "చాలా అలసిపోయాను కుయా" అన్నాను. ఆయన ఉలిక్కిపడ్డాడు. అప్పటిదాకా ఆ బిల్డింగులో నాలాంటివాళ్ళెవరూ అలా పిలవలేదేమో. లోపలికెళ్ళి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. కూర్చుని ఆయన్ని కూడా కూర్చోమన్నాను. తల అడ్డంగా ఊపి పైన కెమెరా వైపు చూపించాడు. ఆ కుర్చీ వచ్చేపోయేవాళ్ళ కోసం, గార్డు కూర్చుంటే ఏజెన్సీ జరిమానా వేస్తుంది.

అప్పుడు ఆయన కాళ్ళ వైపు చూశాను. అద్దంలా మెరిసే నల్ల బూట్లు. మాటల్లో తెలిసింది, ఆ బూట్లని ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చుకుంటాడు. ఇంటి నుంచి రబ్బరు చెప్పులతో వచ్చి, బిల్డింగ్ వెనక పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని, పాత బనియన్ గుడ్డతో తుడుచుకుని, బూట్లు వేసుకుంటాడు. ఇల్లు పయాటస్‌లో. నాలుగింటికి లేస్తే జీప్నీ, ఇంకో జీప్నీ, తర్వాత నేనెక్కే రైలే. నేను మూడు గంటలని ఏడుస్తుంటే ఆయనకి రోజుకి ఐదు గంటలు దారిలోనే. అప్పుడు మనీలాలో రోజు కనీస వేతనం 456 పెసోలు. నా రోజు భత్యం, జీతం కాకుండా, దానికి నాలుగింతలు. ఆలోచిస్తే అది నేను ఇల్లు వదిలి అవస్థ పడుతున్నందుకు ఇచ్చే డబ్బు. ఆయన అవస్థకి మాత్రం విడిగా లెక్క లేదు.

ఆగస్టు 19, 20 తేదీల్లో మనీలా మునిగింది. మన నైరుతి రుతుపవనాల్నే వాళ్ళు హబాగత్ అంటారు, దానికి తుపాను తోడైంది. బడులకీ ప్రభుత్వ ఆఫీసులకీ సెలవిచ్చారు గాని మా ఆఫీసుకి లేదు. రాత్రి డ్యూటీ గార్డు నీళ్ళు దాటి రాలేకపోయాడు, కుయా అలాగే నిలబడ్డాడు. నేను ఆ రాత్రి ఆఫీసులోనే సోఫా మీద పడుకున్నాను. మర్నాడు పొద్దున కిందికి దిగితే ఆయన గోడకి ఆనకుండా, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ ఉన్నాడు. బూట్లు అప్పుడు కూడా మెరుస్తున్నాయి.

ఆ తర్వాతే నన్ను ఇంటికి పిలిచాడు. ఆదివారం, చిన్నకూతురు పుట్టినరోజు.

పయాటస్ పేరు మీరు వినే ఉంటారు. ఊరి చెత్తంతా పోసిన కొండ. 2000 జూలై 10న, వారం రోజుల వానల తర్వాత ఆ చెత్తకొండ విరిగి కింద ఉన్న గుడిసెల మీద పడింది. రెండు వందలకి పైగా శవాలు తీశారు. నేను వెళ్ళేసరికి ఆ కొండ మీద గడ్డి మొలిచింది. దూరం నుంచి చూస్తే మామూలు గుట్టే, దగ్గరికెళ్తే వాసన తెలుస్తుంది. కుయా దాన్ని చూపించాడు గాని ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇల్లు రెండు గదులు. వీధి వైపు కిటికీకి ఇనుప చువ్వలు బిగించి, దాంట్లోనే ఆయన భార్య చిన్న కొట్టు నడుపుతోంది. షాంపూ ప్యాకెట్లు దండల్లా వేలాడుతున్నాయి. నూనె కావాలంటే చిన్న కవర్లో కట్టి ఇస్తారు, సిగరెట్టు ఒకటే, వెల్లుల్లి ఒక్క రెబ్బ. దాన్ని 'టింగి' అంటారు. చిన్నప్పుడు మా వీధి కొట్లో అర్ధరూపాయి చింతపండు, పావలా జీలకర్ర అడిగి తెచ్చేది నేనే కాబట్టి నాకు వివరించాల్సిన పని పడలేదు. పెద్దకూతురు ఒక మాల్‌లో చెప్పుల షాపులో చేసేది, ఆ నెలలోనే ఆపేశారు. ఆరు నెలలు దాటితే పర్మనెంట్ చెయ్యాలని చట్టం, అందుకని ఐదో నెలకి పంపించేస్తారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'ఎండో'. ఆ పిల్లకి అది మూడో ఎండో. ఇరవై రెండేళ్ళు.

నేను కిటికీ పక్కన బల్ల మీద కూర్చున్నాను. అప్పుడొక ఆవిడ ఏదో కొనడానికి వచ్చింది. చేతిలో నాణేలు, వెంట చిన్నపిల్లాడు. కిటికీ దగ్గర నన్ను చూసింది. ఒక్క క్షణం. ముఖంలో రక్తం లేకుండా పోయింది. నాణేలు అక్కడే వదిలేసి, పిల్లాడి రెక్క పట్టుకుని పక్క సందులోకి వెళ్ళిపోయింది. పరిగెత్తలేదు, కానీ పరిగెత్తినట్టే.

కుయా నవ్వబోయి ఆగాడు. ఆయన భార్య తల దించుకుంది. కూతురు చెప్పింది, "మిమ్మల్ని చూసి బుంబాయ్ అనుకుంది సర్."

అక్కడ భారతీయుల్ని బుంబాయ్ అంటారు. తలపాగా ఉందా లేదా అని చూడరు, మన రంగు, మీసం, భుజాన సంచి చాలు. మనవాళ్ళలో, ముఖ్యంగా పంజాబ్ నుంచి వెళ్ళినవాళ్ళలో కొందరు ఎన్నో ఏళ్ళుగా మోటార్‌సైకిళ్ళ మీద తిరుగుతూ చిన్న వ్యాపారులకి అప్పులిస్తారు. ఆ అప్పు పేరు 'ఫైవ్-సిక్స్'. ఐదు తీసుకుంటే ఆరు కట్టాలి. ఐదు వేలు తీసుకుంటే రోజుకి రెండొందల చొప్పున నెల రోజులు. కుయా భార్య బిస్కెట్ డబ్బా వెనక నుంచి ఒక అట్టముక్క తీసి చూపించింది. వరసగా గళ్ళు, కట్టిన రోజుకి ఒక టిక్కు. ఆవిడకీ ఉంది అప్పు. అయినా అతన్ని ఒక్క చెడ్డ మాట అనలేదు. బ్యాంకు మాలాంటివాళ్ళని గుమ్మం ఎక్కనివ్వదు, అతను వానలో కూడా వచ్చి అప్పిస్తాడు అంది. ఆ నాణేల్ని ఒక చిన్న కాగితంలో చుట్టి, ఆవిడ మళ్ళీ వస్తే ఇవ్వడానికి పక్కన పెట్టింది.

నాకు ఆ ముఖం తెలుసు, అదే నన్ను పట్టేసింది. పలాసలో మా అమ్మ జీడిపిక్కలు కొట్టేది. వేళ్ళకి జీడి అంటుకుని చర్మం నల్లగా పొరలు లేచేది. సోమవారం సాయంత్రం వారం వడ్డీ ఆయన బండి మీద వచ్చేవాడు. ఆ బండి చప్పుడు వీధి మొదట్లో వినపడగానే అమ్మ చేతిలో పని వదిలేసి పెరట్లోకి వెళ్ళేది. గుమ్మంలో నేను నిలబడి "అమ్మ లేదండి" అనేవాణ్ణి. ఎంత గౌరవంగా అనేవాణ్ణో. ఆయన నన్ను కొంచెంసేపు చూసి, సరే మళ్ళీ వస్తానని చెప్పమనేవాడు. 2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ వసూళ్ళు తట్టుకోలేక ఆత్మహత్యలు జరిగి, ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చినప్పుడు కూడా నాకు ముందు వినపడింది ఆ బండి చప్పుడే. అలాంటి ఇంట్లోంచి వచ్చినవాణ్ణి, నాలుగు వేల కిలోమీటర్ల అవతల ఇంకో గుమ్మం ముందు, నన్ను చూసి ఒక తల్లి పిల్లాణ్ణి లాక్కుని పారిపోయింది. తప్పు నాది కాదని తెలుసు. తెలిసినా ఆ పూట అన్నం ముద్ద దిగలేదు.

అన్నం కాదు, పన్సిత్. పుట్టినరోజుకి పొడుగ్గా ఉండే సేమ్యాలాంటి ఆ నూడుల్స్ చేస్తారు, ఆయుష్షు పొడుగవుతుందని. నా కోసం విడిగా, మాంసం లేకుండా, క్యాబేజీ క్యారెట్‌తో ఒక చిన్న గిన్నెలో చేశారు. తినకపోతే బాధపడతారని తిన్నాను. రాత్రి కుయా రబ్బరు చెప్పులతో జీప్నీ దాకా వచ్చి ఎక్కించాడు.

సెప్టెంబర్ చివర్లో ఇంటికొచ్చాను. మళ్ళీ అదే రెండు రోజుల ప్రయాణం, అదే వాపు. మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకుంటే అమ్మ పాదాలకి కొబ్బరినూనె రాస్తోంది. వద్దన్నా వినదు. వేళ్ళు ఇంకా గరుగ్గానే ఉన్నాయి. అక్కడి సంగతులన్నీ చెప్పాను. పూలమ్మే పిల్ల, రైలు, బూట్లు. ఆవిడ ఊఁ కొడుతూ వింది. పన్సిత్ ఎలా చేస్తారో మాత్రం రెండుసార్లు అడిగింది. చివరికి ఆ కిటికీ దగ్గరి సంగతి చెప్పాను.

అమ్మ చెయ్యి ఆగింది.

"ఐదుకి ఆరేటి? నెల్లాళ్ళకేనా?"

"నెల్లాళ్ళకే."

నూనె చేతి వేళ్ళు మడిచి లెక్కేసుకుంది. బొటనవేలు ఒక్కో కణుపు మీద ఆగుతూ వెళ్ళింది. చాలాసేపు.

"మరి తీర్చీసిందేటిరా ఆ మనిషి?"

"తెలీదమ్మా. నేను మళ్ళీ అటెళ్ళలేదు."

అమ్మ ఇంకేమీ అడగలేదు. రెండో పాదం దగ్గరికి లాక్కుంది.